సైకిల్ మోజు నిలుస్తుందో పోతుందో కనిపెట్టడం ఎలా, మన సైకిల్ మూలన పడకుండా చూసుకోవడం ఎలా

మళ్ళీ సైకిళ్ళు కొంటున్నారండీ జనం. ఆదివారం పొద్దున ఆరింటికి నెక్లెస్ రోడ్డుకెళ్ళి చూడండి, నార్సింగి దగ్గర ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన చూడండి, వైజాగ్ బీచ్ రోడ్డు చూడండి, హెల్మెట్లు, ఒంటికి అతుక్కుపోయిన జెర్సీలు, సీటు కింద ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ గుంపులుగా పోతుంటారు. దీనికి తోడు 2024 డిసెంబర్ నుంచి కేంద్ర ప్రభుత్వ ఫిట్ ఇండియా వాళ్ళ సండేస్ ఆన్ సైకిల్ అనే ఆదివారం రైడ్లు, 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగడం. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎప్పుడూ ఎవరో ఒకరు "ఏ సైకిల్ తీసుకోమంటారు" అని అడుగుతూనే ఉంటారు, వెంటనే ఇంకొకరు "ఎందుకండీ, 2020లో కొన్నవే సెల్లార్లో పడున్నాయి" అని ఒక ఫోటో పెడతారు.

ఇద్దరూ కరెక్టే. అందుకే ఇది పొంగి చల్లారే పాలేనా లేక ఈసారి నిలబడేదేనా అని అడిగేవాళ్ళకి నేను ఎప్పుడూ ఒకటే చెప్తా. సైకిల్‌కి ఇంట్లో ఒక పని ఉంటే ఉంటుంది. వ్యాయామం ఒక్కటే దాని పని అయితే పోతుంది. ఊరికైనా అంతే, ఇంటికైనా అంతే. కింద రాసిందంతా దీని గురించే, మీ ఊళ్ళో ఈ మోజు ఎలాంటిదో ఎలా చూసుకోవాలి, ఆ తర్వాత మీ సైకిల్‌కి పని ఎలా పెట్టాలి.

ముందు 2020లో ఏమైందో గుర్తు చేసుకుందాం

2020 జూన్ 3న, అంటే సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, అట్లాస్ సైకిళ్ళ వాళ్ళు ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఉన్న తమ చివరి ఫ్యాక్టరీ ఆపేశారు. 1951 నుంచి నడిచిన కంపెనీ. అది మూతపడిన ఆ నెలల్లోనే దేశంలో సైకిళ్ళ కోసం జనం ఎగబడ్డారు, మే నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు 41.8 లక్షల సైకిళ్ళు అమ్ముడయ్యాయని తయారీదార్ల సంఘం చెప్పింది. గేర్ల సైకిల్ కావాలంటే బుక్ చేసి వెయిట్ చేయాల్సి వచ్చింది చాలా చోట్ల. కారణాలు అందరికీ తెలిసినవే, జిమ్ములు మూత, బస్సుల్లేవు, హైదరాబాద్ మెట్రో సెప్టెంబర్ 7 దాకా తెరవలేదు, పిల్లలకి స్కూల్లేదు, ఇంట్లో కూర్చోలేక పిచ్చెక్కిపోతోంది, అన్నిటికంటే ముఖ్యం రోడ్లు ఖాళీ. ఎప్పుడూ సైకిల్ ఎక్కని వాళ్ళు కూడా కూకట్‌పల్లి మెయిన్ రోడ్డు మీద తొక్కగలిగారంటే అదే కారణం.

తర్వాత ట్రాఫిక్ వచ్చేసింది, రోడ్డు పాత రోడ్డే అయిపోయింది, సైకిల్ కొన్న మనిషికి మాత్రం కొత్తగా ఏ దారీ రాలేదు. 2020 జూన్‌లో భయం లేని రోడ్డే 2022 జూన్‌లో ప్రాణాల మీదకొచ్చే రోడ్డు. ఒక్క మన దగ్గరే కాదు, ప్రపంచమంతా ఇదే కథ, సైకిల్ గేర్లూ బ్రేకులూ తయారుచేసే షిమానో కంపెనీ అమ్మకాలు 2023లో ఒక్క ఏడాదిలో దాదాపు పావు వంతు పడిపోయాయి, షాపుల్లో ముందే తెప్పించి పెట్టుకున్న స్టాక్ కదలక.

ఇది కొత్తేం కాదు కూడా. 1973లో అమెరికాలో కోటీ యాభై లక్షల దాకా సైకిళ్ళు అమ్ముడయ్యాయి, రెండేళ్ళు తిరిగేసరికి అది సగానికి పడిపోయింది. అదే 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు నెదర్లాండ్స్‌లో నవంబర్ 4 నుంచి ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదన్నారు. కానీ అక్కడ అప్పటికే ఇంకో గొడవ నడుస్తోంది. 1971లో రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 3,300 మంది పోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లో కూర్చున్నారు, పిల్లల్ని చంపడం ఆపండి అని. తర్వాత ఏళ్ళ తరబడి రోడ్లు మార్చుకుంటూ పోయారు. అమెరికాలో సైకిల్ కొన్నది ఎక్కువగా సరదాకి, నెదర్లాండ్స్‌లో రోడ్డు అడిగింది పిల్లలు బడికెళ్ళడానికి. ఎవరిది నిలిచిందో చెప్పక్కర్లేదు.

మనవైపు ఉదాహరణ కావాలంటే బీహార్ చూడండి. 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోడానికి డబ్బులిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాష్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు దాని మీద స్టడీ చేస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు, అది కూడా బడి 3 కిలోమీటర్లు దాటి ఉన్న ఊళ్ళలోనే ఎక్కువగా. మన ఆంధ్రాలో బడికొస్తా పథకం కింద హైస్కూల్ ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చింది కూడా ఇలాంటి ఆలోచనే. ఆ పిల్లలెవరూ ఫిట్‌నెస్ కోసం తొక్కలేదు. బడి ఉన్నన్నాళ్ళు తొక్కారు.

మీ ఊళ్ళో ఎలా ఉందో చూసుకోవడం

ఆదివారం చూడకండి. ఆదివారం అందరూ సైక్లిస్టులే. మామూలు మంగళవారమో బుధవారమో పొద్దున ఎనిమిదిన్నరకి మీ సెంటర్లో టీ తాగుతూ ఒక అరగంట నిలబడండి. ఎన్ని సైకిళ్ళు పోయాయి అన్నది కాదు, ఎవరు పోయారు, క్యారియర్ మీద ఏముంది అన్నది చూడండి. లంచ్ బాక్స్, సిమెంటు గమేళా, స్కూల్ బ్యాగు, పాల క్యాను, కొత్తిమీర కట్టలు. ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి, ఇది చాలా పెద్ద గుర్తు, ఆడవాళ్ళు ధైర్యంగా తొక్కుతున్న రోడ్డంటే అక్కడ సైకిల్ నిలుస్తుందని అర్థం. కిరాణా కొట్టు ముందు, లైబ్రరీ ముందు, రైల్వే స్టేషన్ దగ్గర తాళం వేసున్న సైకిళ్ళున్నాయా చూడండి.

ఇక్కడ ఒకటి చెప్పాలి. పేపర్లో సైకిల్ బూమ్ అని రాసేది గేర్ల సైకిళ్ళ గురించి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సగం ఇళ్ళలో సైకిల్ ఉంది, బెంగాల్లో అయితే ప్రతి నాలుగిళ్ళలో మూడింటికి పైనే. వీళ్ళెవరూ బూమ్‌లో చేరిన వాళ్ళు కాదు, ముందు నుంచీ తొక్కుతున్న వాళ్ళే, తాపీ మేస్త్రి, వాచ్‌మన్, పేపర్ బాయ్. అసలు బెంగ ఏంటంటే పైన కొత్తగా కొంతమంది ఎక్కుతుంటే కింద వీళ్ళు దిగిపోతున్నారు. సెకండ్ హ్యాండ్ టీవీఎస్ ఎక్సెల్ కొనగలిగిన రోజు సైకిల్ దిగేస్తారు, నేను వాళ్ళని తప్పు పట్టను, మే నెల ఎండలో గుంటూరులో బస్తా వేసుకుని తొక్కి చూస్తే ఎవరైనా అదే చేస్తారు. కాబట్టి మీ సెంటర్లో మేస్త్రి సైకిళ్ళు పోయి ఆదివారం జెర్సీలు మాత్రమే మిగిలితే, అది పెరుగుదల కాదు.

తర్వాత సైకిల్ షాపుకి వెళ్ళండి, కొత్తవి అమ్మే పెద్ద షోరూమ్‌కి కాదు, పంచర్లేసే షాపుకి. గోడకి ఏ సైజు ట్యూబులు వేలాడుతున్నాయో చూడండి. నల్ల పాత సైకిల్ ట్యూబులతో పాటు కొత్తరకం సన్న చక్రాల ట్యూబులు కూడా చిన్న షాపువాడు తెచ్చి పెట్టుకున్నాడంటే గిరాకీ ఉన్నట్టే, ఊరికే డబ్బులు ఇరికించుకోడు. ఆయన్నే అడగండి, పంచర్‌కి ఎక్కువ వస్తున్నారా లేక ఏడాది పడున్న సైకిల్ తెచ్చి మొత్తం చూడన్నా అనేవాళ్ళు ఎక్కువా అని. పంచర్లు ఎక్కువైతే మంచి వార్త, రోజూ తొక్కేవాళ్ళకే పంచర్లు పడతాయి.

ఇంకోటి, సెకండ్ హ్యాండ్ యాప్‌లు తెరిచి మీ ఏరియా పెట్టి చూడండి. "రెండు మూడు సార్లే తొక్కాం, కొత్తదాని లెక్క" అనే ప్రకటనలు వరసపెట్టి కనిపిస్తే సంగతి అర్థమైపోతుంది. కొనేవాళ్ళకి మాత్రం అది పండగే.

ట్రాకుల గురించి కూడా ఒక మాట. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన 2023 అక్టోబర్ 1న మొదలైన సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది కదా, మొదలుపెట్టినప్పుడు 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, పైన సోలార్ కప్పు, 16 మెగావాట్ల కరెంటు, కింద నాలుగున్నర మీటర్ల వెడల్పు. తొక్కడానికి హాయిగా ఉంటుంది, ఎండా వానా రెండూ పడవు, నాకు చాలా ఇష్టం. కానీ అక్కడికి చాలామంది సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వస్తారు. మా ఇంటి నుంచి కూరగాయల మార్కెట్‌కి దాన్ని పట్టుకుని వెళ్ళలేను కదా. అది పార్కు లాంటిది, పార్కు ఉండటం మంచిదే, పార్కు వల్ల ఊళ్ళో నడిచేవాళ్ళు పెరగరు. 2020లో కేంద్రం పెట్టిన సైకిల్స్ ఫర్ ఛేంజ్ పోటీలో వరంగల్ గెలిచిన ఊళ్ళలో ఒకటి, వాళ్ళు చేసింది ఊరి లోపలి రోడ్ల మీద ప్రయోగం, అలాంటిది ఎంత చిన్నదైనా నా దృష్టిలో ఎక్కువ పనికొచ్చేది.

సరే, మీ సైకిల్ సంగతి. దానికి ఒక పని వెతకండి

కొనకముందే ఈ పని చేయండి. ఫోన్లో మ్యాప్ తెరిచి ఇంటి చుట్టూ 3 కిలోమీటర్ల లోపు మీరు వారంలో ఎక్కడెక్కడికి పోతారో చూడండి. మామూలుగా తొక్కితే 3 కిలోమీటర్లకి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, చెమట పెద్దగా పట్టదు, బండి పార్కింగ్ వెతుక్కునే టైం కలిపితే స్కూటర్‌కీ దీనికీ తేడా ఉండదు. పాల ప్యాకెట్లు, పెరుగు, ఇస్త్రీ బట్టలు, పిల్లాడి ట్యూషన్, మెట్రో స్టేషన్, మందుల షాపు, ఏదో ఒకటి. ఒక్కటి చాలు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి రోజూ ఆఫీసుకి పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కేస్తా అని శపథాలు చేసేవాళ్ళే ముందు ఆపేస్తారు. జిమ్‌కి కారేసుకుని కిలోమీటరున్నర పోయి అక్కడ నిలబెట్టిన సైకిల్ తొక్కేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు, వాళ్ళకైతే పని కళ్ళ ముందే ఉంది.

పని దొరికాక దానికి తగ్గ సైకిల్. షాపులో అమ్మేవాడు మొదట చూపించేది లావు టైర్లు, ముందు స్ప్రింగుల ఫోర్కు, డిస్క్ బ్రేకులు ఉన్నది, చూడ్డానికి బైకు లాగా ఉంటుంది, పిల్లలు ఎగబడతారు. ఊళ్ళో పనులకి అది దండగ, బరువు, తొక్కేకొద్దీ ఊగుతుంది, మీ బలం కొంత ఆ స్ప్రింగులు తినేస్తాయి. మధ్యరకం టైర్లున్న హైబ్రిడ్ అనేది చాలు. గేర్లు కావాలా వద్దా అంటే ఊరిని బట్టి, తెనాలి, భీమవరం, కాకినాడ లాంటి చదును ఊళ్ళలో గేర్లు లేకపోయినా ఏం కాదు, రిపేర్లు కూడా తక్కువ. హైదరాబాద్, వైజాగ్ ఎత్తుపల్లాలకి గేర్లుండాల్సిందే, లేకపోతే మొదటి ఎత్తు దగ్గరే విసుగొచ్చేస్తుంది. చీర కట్టుకునో చుడీదార్ వేసుకునో తొక్కేవాళ్ళు మధ్యలో రాడ్డు కిందికి వంగిన ఫ్రేమ్, చైన్ కవర్ ఉన్నది అడిగి మరీ తీసుకోండి, చున్నీ చైన్లో పడితే పడేది మనిషే.

ఇప్పుడొచ్చే గేర్ల సైకిళ్ళు చాలావాటికి క్యారియర్ ఉండదు, మడ్‌గార్డులుండవు, కొన్నిటికి బెల్లు కూడా ఉండదు. ఇవన్నీ అక్కడే పెట్టించండి, డబ్బులు కొంచెం ఎక్కువైనా సరే. క్యారియర్ లేని సైకిల్ మీద రెండు కిలోల టమాటాలు హ్యాండిల్‌కి తగిలించుకుని ఒకసారి వచ్చారంటే, ఆ సంచి ముందు చక్రంలో తగులుతూ ఉంటే, మర్నాటి నుంచి స్కూటరే తీస్తారు. మడ్‌గార్డు లేకపోతే వానాకాలం వీపంతా బురద. షాపువాడు స్పోర్ట్స్ లుక్ పోతుంది సార్ అంటాడు, పోనివ్వండి.

సీటు ఎత్తు మాత్రం దగ్గరుండి సెట్ చేయించుకోండి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్ పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి, కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. మనోళ్ళు ఎక్కువమంది రెండు కాళ్ళూ నేలకి ఆనాలని సీటు బాగా కిందికి దించుకుంటారు, నెల తిరిగేలోపు మోకాళ్ళు నొప్పి, సైకిల్ పడలేదండీ మాకు అని వదిలేస్తారు. సీటు నొప్పి అయితే కొత్తలో అందరికీ ఉంటుంది, మెత్తటి జెల్ కవర్లు కొనేయకండి, కొన్నాళ్ళు పోతే అదే సర్దుకుంటుంది.

సైకిల్ ఎక్కడ పెడతారు అన్నది అన్నిటికంటే ముఖ్యం

నవ్వకండి. నేను చూసినంతలో సైకిల్ మూలన పడటానికి మొదటి కారణం బద్ధకం కాదు, బాల్కనీ. నాలుగో అంతస్తు బాల్కనీలో పెట్టిన సైకిల్‌ని దించాలంటే హాల్లోంచి తీసుకురావాలి, సోఫాకి తగలకూడదు, లిఫ్టులో నిలబెట్టి దూర్చాలి, అందులో ఇంకొకళ్ళుంటే ఆగాలి. పాల ప్యాకెట్ కోసం ఎవరు చేస్తారు ఇదంతా. వారం తిరక్కుండా దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తారు. సైకిల్ స్కూటర్ కంటే ముందు చేతికి అందాలి, గేటు పక్కనో, మెట్ల కిందో, స్కూటర్ ముందరో. దొంగల భయముంటే లావు గొలుసు తాళం కొని గ్రిల్లుకి కట్టేయండి, చక్రానికి మాత్రమే వేసే తాళమైతే సైకిల్‌ని ఎత్తుకునే పోతారు.

మా సెల్లార్లో ఒక వరస ఉంది. పది పన్నెండు సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి వాలిపోయి, ఒకదాని హ్యాండిల్ ఇంకోదాని పుల్లల్లో ఇరుక్కుని. గాలి లేక టైర్లు రిమ్ము కింద నలిగి పక్కలకి పగుళ్ళు తీశాయి, చైన్లు ఎర్రగా తుప్పు, ఒక చిన్న పిల్లల సైకిల్‌కి ఇంకా షోరూమ్ ప్లాస్టిక్ కవర్ సీటుకి ఉంది. వాటిలో చాలావాటికి పెద్ద రోగమేం లేదు, గాలి లేదు అంతే. ట్యూబులో గాలి పంచర్ లేకపోయినా దానంతటదే తగ్గిపోతుంది, కొన్ని వారాలు ముట్టుకోకపోతే మెత్తబడుతుంది, తొక్కాలని దిగిన రోజు గాలి ఉండదు, గాలి కొట్టించాలంటే షాపు దాకా నడిపించుకుపోవాలి, రేపు చూద్దాంలే అనుకుంటాం. ఆ రేపు ఇంక రాదు.

అందుకే చిన్న పంపు ఇంట్లో ఉండాలి, నేల మీద నిలబెట్టి కాలితో తొక్కిపెట్టి కొట్టేది, మీటరున్నది. వారానికోసారి కొట్టండి. ఎంత కొట్టాలో టైరు పక్కనే అచ్చేసి ఉంటుంది, లావు టైర్లకి 40 పీఎస్ఐ (పంపు మీటరు మీద ఉండే గాలి ఒత్తిడి కొలత) చుట్టుపక్కల, హైబ్రిడ్‌కి 50 నుంచి 70, సన్న రేసు టైర్లకి 80 పైన. గాలి మూతి కూడా చూసుకోండి, పాత సైకిళ్ళది ఒక రకం, బైకులకుండే లావు మూతి ఒక రకం, రేసు సైకిళ్ళకి సన్నగా పైన చిన్న నట్టు ఉండేది ఇంకో రకం. బైకు రకమైతే పెట్రోల్ బంకులో కూడా కొట్టించుకోవచ్చు కానీ అక్కడి మిషన్ ఒక్కసారిగా గాలి తోసేస్తుంది, జాగ్రత్త.

పంచర్ వేయడం ఒకసారి నేర్చుకోండి, కష్టం కాదు. చక్రం విప్పి, టైరు అంచుని ప్లాస్టిక్ లివర్లతో పైకి లేపి ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, బకెట్ నీళ్ళలో ముంచుతూ తిప్పండి, బుడగలొచ్చిన చోట పెన్నుతో గుర్తు పెట్టుకోండి. తుడిచి ఆరాక గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, ఇక్కడ తొందరపడకూడదు, అది ఆరి వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి అప్పుడు ప్యాచ్ అదిమి పెట్టాలి. మళ్ళీ ఎక్కించేముందు టైరు లోపల చేత్తో మెల్లగా తడమండి, గాజు పెంకో తుమ్మ ముల్లో ఇంకా అక్కడే ఉంటుంది, తీయకపోతే మళ్ళీ పదినిమిషాల్లో పంచర్. ఇదంతా వద్దనుకుంటే ఒక ట్యూబు స్పేర్ కొనిపెట్టుకుని మార్చేసుకోండి, పంచర్ తర్వాత తీరిగ్గా షాపులో వేయించుకోవచ్చు.

చైన్‌కి నూనె. వానలో తడిస్తే ఇంటికి రాగానే పాత గుడ్డతో తుడిచేయండి, ఆరాక చైన్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేసి పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది మళ్ళీ తుడిచేయండి. కొబ్బరి నూనె పోయకండి, దుమ్మంతా పట్టి జిగురు జిగురు అవుతుంది. అర్జంటైతే కుట్టుమిషన్ నూనె పర్లేదు. బ్రేకు రబ్బర్లు అరిగాయేమో నెలకోసారి చూడండి. ఇంతే మెయింటెనెన్స్.

రోడ్డు, ఎండ, కుక్కలు

దారి మ్యాప్ చూపించేది తీసుకోకండి, అది బండ్లకి. లోపలి వీధులు చూసుకోండి, అరకిలోమీటర్ ఎక్కువైనా సరే, మొదటిసారి ఆదివారం పొద్దున ఒకసారి తొక్కి చూసి మూతల్లేని మ్యాన్‌హోళ్ళు, స్పీడ్ బ్రేకర్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. రోడ్డు అంచుకి మరీ అతుక్కుని పోకండి, ఒక మీటరు లోపలికే ఉండండి. అంచున ఇసుక, గాజు, డ్రైనేజీ జాలీలు ఉంటాయి, పైగా అంచున పోయేవాణ్ణి చూసి బస్సువాడు సందుంది కదా అని పక్కనుంచే దూర్చేస్తాడు. ఆగిన కార్ల పక్కనుంచి పోయేటప్పుడు డోరు తెరుచుకునేంత దూరం వదలండి. చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్రది లేకుండా అస్సలు వద్దు. హెల్మెట్ చట్టం అడగదు, నేను అడుగుతున్నా, పెట్టుకోండి.

కుక్కలు వెంటపడితే స్పీడు పెంచకండి, అదే వాటికి కావాల్సింది. ఆగి, దిగి, సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య అడ్డం పెట్టుకుని నడవండి, నాలుగడుగుల్లో వాటికి ఇంట్రెస్ట్ పోతుంది.

ఎండాకాలం సంగతి నిజాయితీగా మాట్లాడుకుందాం. ఏప్రిల్ మే నెలల్లో విజయవాడలో, రామగుండంలో పది దాటాక ఎవరూ తొక్కక్కర్లేదు. ఎనిమిదిలోపు ఉన్న పని మాత్రమే సైకిల్‌కి ఇవ్వండి, మిగతావి జూన్ దాకా స్కూటర్‌కి ఇచ్చేయండి, దీంట్లో ఓడిపోయినట్టు ఏం లేదు. గాలి మాత్రం వారానికోసారి కొడుతూనే ఉండండి. ఆఫీసుకి తొక్కేవాళ్ళు ఒక చొక్కా అక్కడే పెట్టుకోండి, నెమ్మదిగా తొక్కండి, మిమ్మల్ని ఎవరూ టైం చూడట్లేదు.

టైం అంటే గుర్తొచ్చింది, క్లబ్బుల గురించి. హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ లాంటివి 2007 నుంచీ ఉన్నాయి, కొత్తవాళ్ళకి రోడ్డు మీద తొక్కడం అలవాటు చేయడానికి వీటిని మించింది లేదు, రిపేర్లు కూడా అక్కడే నేర్చుకోవచ్చు. బ్రెవే అని దూరం రైడ్లుంటాయి, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 నలభై గంటల్లో, చేసేవాళ్ళకి నా దండం. కాకపోతే గుంపులో చేరిన రెండో నెలకి యాప్‌లో ఎవడు ఎంత తొక్కాడు, ఎవడి సైకిల్ ఎంత బరువు అనే పోలికలు మొదలవుతాయి, లక్ష రూపాయల సైకిల్ కొంటారు, దాన్ని కిరాణా కొట్టు ముందు వదలడానికి భయం, కాబట్టి ఆదివారానికే పరిమితం. రేసు సైకిల్ కొంటే కొనుక్కోండి, పాలకెళ్ళే పాత సైకిల్‌ని మాత్రం అమ్మకండి.

మీ అపార్ట్‌మెంట్ మీటింగులో, స్కూల్ పేరెంట్స్ మీటింగులో ఒక చిన్న విషయం అడగండి. ట్రాక్ కాదు, స్టాండు. గేటు దగ్గర నేలలో పాతిన నాలుగు ఇనప పైపులు, వాటికి తాళం వేసుకునేలా, వెల్డింగ్ షాపువాడు ఒక్క రోజులో చేసిపెడతాడు. మార్కెట్ దగ్గరో మెట్రో మెట్ల దగ్గరో కావాలంటే సోమవారం ప్రజావాణిలో కాగితం ఇవ్వండి, పదిమంది సంతకాలతో, ఎక్కడ ఎన్ని సైకిళ్ళకో ఫోటోతో సహా. పెద్ద పెద్ద కోరికల కన్నా ఇలాంటి చిన్నదాన్ని కాదనడం వాళ్ళకి కష్టం.

ఇంత చేసినా మీకు పడలేదనుకోండి, పడకపోవచ్చు, సెల్లార్లో ఉంచకండి. రెండు కొత్త ట్యూబులు వేయించి, చైన్‌కి నూనె పెట్టి, తాళం చెవితో సహా వాచ్‌మన్ కూతురికో, ఇంట్లో పనిచేసే అమ్మాయి కొడుక్కో ఇచ్చేయండి. టైర్లు పగిలిపోయినది ఇవ్వకండి, టైర్లూ ట్యూబులూ మార్చుకునే ఖర్చు వాళ్ళ నెత్తిన పడితే వాళ్ళింట్లో కూడా అది మూలకే పోతుంది.